పదో గుర్తు దగ్గరి మట్టి

మూడో ఏడు చదివేవాళ్ళు గాల్మోరి సముద్రతీరానికి వెళ్ళి తీరాల్సిందే. మా కాలేజీలో బయాలజీ, కెమిస్ట్రీ కలిపి చదివే కోర్సుకి అదొక మొక్కు లాంటిది. ఏప్రిల్లో నాలుగు రోజులు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ బురదలో దిగి మట్టి తియ్యాలి. వేసవిలో ఆరు వారాలు ఏదైనా పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తూ, తెచ్చిన మట్టిని అక్కడే పరీక్ష చేసి రికార్డు రాయాలి. అది సంతకం అయితేనే నాలుగో ఏడు.

నా జోడీ చోవన్. సియోల్ పిల్ల, నోరు ఊరుకోదు. బస్సులోనే బాంగ్ మేడమ్ మూడోసారి జాగ్రత్తలు చెబుతుంటే, "మేడమ్ మనల్ని చదువుకి తీసుకెళ్తున్నారా, యుద్ధానికా?" అని నా చెవిలో గొణిగింది. మేడమ్‌కి అప్పటికి యాభై దాటాయి. మిగతా రోజుల్లో నవ్వుతూ ఉండే మనిషి, గాల్మోరి దగ్గరపడేకొద్దీ మొహం బిగుసుకుపోయింది. ఒంటరిగా ఎవరూ దిగకూడదు, ఈల వినపడగానే చేతిలో ఏమున్నా వదిలేసి వెనక్కి రావాలి, పాయ దాటేముందు గడియారం చూసుకోవాలి. అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. ఎప్పుడో ఒక విద్యార్థి అక్కడ పోయిందని సీనియర్లు అనేవాళ్ళు. ఎవరు, ఎలా అని అడిగితే మాత్రం మాట మార్చేవాళ్ళు.

పని చూడ్డానికి తేలిక. గట్టు రాళ్ళ దగ్గర్నించి సముద్రం వైపు ఒకే వరసలో పది ఇనప గుర్తులు పాతి ఉంటాయి. ఇరవై ఏళ్ళ పైనుంచి అవే గుర్తులు. ఒక్కో దగ్గర చదరపు చట్రం పరిచి, అందులో పీతల బొరియలు లెక్కపెట్టి, గొట్టం గుచ్చి మట్టి తీసి సంచిలో వేసి, చీటీ రాసి రబ్బరు బ్యాండు వెయ్యాలి. తొమ్మిదో గుర్తుకీ పదో గుర్తుకీ మధ్య ఒక పాయ ఉంది. ఆటులో మోకాలి కింది దాకానే నీళ్ళు. పోటు వచ్చేటప్పుడు మాత్రం సముద్రం ముందు వైపునించి రాదు, ఆ పాయలోంచి మన వెనక్కి వస్తుంది. మనం ముందుకి చూస్తూ అంతా పొడిగానే ఉందనుకుంటాం.

మేం దిగింది ఓక్బున్ అవ్వ ఇంట్లో. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఇప్పటికీ ఒక మోకాలు చెక్క మీద ఆనించి, ఇంకో కాలితో తోసుకుంటూ బురద మీద జారిపోయి బుట్టెడు గుల్లలు తెచ్చేది. మొదటి రోజు చోవన్ నడుం దాకా కూరుకుపోయి ఏడుపు మొదలుపెడితే, అవ్వ చెక్క ఆపి చూసి, "గింజుకున్నకొద్దీ దిగుతావే సియోల్ పిల్లా. మొగుడి దగ్గరైనా ఇంతే, కాసేపు కదలకుండా ఉండు, అదే వదుల్తుంది" అంది. రెండు రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

మూడో రోజు పొద్దున ఎనిమిదో గుర్తు దగ్గర ఉండగా మంచు వచ్చింది. సముద్రం మీదనించి తెల్లగోడలా వచ్చి మీద పడింది. వెనక గట్టు మాయమైంది. చోవన్ బక్కెట్టు కడుక్కుంటూ వెనకబడింది. మేడమ్ చెప్పిన ప్రకారం అక్కడే ఆగిపోవాలి. నేనూ ఆగిపోయేదాన్నే. కానీ ముందర, తొమ్మిదో గుర్తు అవతల, పసుప్పచ్చ వానకోటు వేసుకున్న ఒక అమ్మాయి వంగి మట్టి తీస్తూ కనిపించింది.

చోవనే నన్ను దాటి వెళ్ళిపోయిందనుకున్నాను. పేరు పెట్టి పిలిచాను. ఆ అమ్మాయి నడుం నిటారు చేసింది, తల తిప్పలేదు. చేతిలో గొట్టాన్ని కోటుకి తుడుచుకుని పాయ దాటి ముందుకి వెళ్ళింది. నాకు భయం వెయ్యలేదు. ఒకళ్ళు ముందున్నారు కదా అని ధైర్యం వచ్చింది. తొమ్మిదో గుర్తు దగ్గర పని ముగించి, పాయ దాటి పదో గుర్తు చేరాను. అక్కడ ఎవరూ లేరు. బురద మీద నా అడుగులు తప్ప అడుగుల్లేవు. మెత్తటి బురద, పిల్లి నడిచినా తెలుస్తుంది.

నేనప్పుడు వెనక్కి పరిగెత్తాల్సింది. ఎందుకో వంగి చట్రం పరిచాను, మట్టి తీశాను, చీటీ రాశాను. అప్పుడు పాయ అవతలనించి చోవన్ గొంతు, భయంతో సన్నగా, "రాన్హీ, ఎవరితో మాట్లాడుతున్నావే?" అని వినపడింది. ఆ వెంటనే దూరంగా ఎవరో పళ్ళెం మీద కర్రతో కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు పట్టుకుని వచ్చాం. పాయ దాటేటప్పుడు నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. ఇంకో పావుగంట ఆలస్యమైతే నేనీ కథ చెప్పేదాన్ని కాదు.

గట్టు మీద పళ్ళెం కొడుతున్నది ఓక్బున్ అవ్వ. చోవన్‌ని వదిలేసి నా మొహం కేసి చూసింది.

"పసుప్పచ్చ కోటా?" అంది.

అవునన్నాను.

"పలికిందా?"

"లేదవ్వా."

"పలకదు. ఎవరినీ ఏమీ అనదు, దాని పని అది చేసుకుంటుంది. నువ్వు మాత్రం దాని వెనక పోకు. పో, కాళ్ళు కడుక్కో."

ఇంకేం అడిగినా చెప్పలేదు. మధ్యాహ్నం సంచులు సర్దుతుంటే పదకొండున్నాయి. పది గుర్తులకి పది చీటీలు, పది రబ్బరు బ్యాండులు. పదకొండో దానికి చీటీ లేదు. మూతిని ఎర్రదారంతో రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది. మా దగ్గర ఎర్రదారమే లేదు. కంగార్లో నేనే రెండుసార్లు తీసుంటానని చోవన్ అంది. అలా అనుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుందని నేనూ సరే అన్నాను. మేడమ్‌కి చెప్పలేదు. పదకొండు సంచులూ ఐసు పెట్టెలో పెట్టి కాలేజీకి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాం.

జూలైలో నన్ను జిల్లా కేంద్రంలో నీళ్ళూ మట్టీ పరీక్షించే ఒక ల్యాబ్‌కి పంపారు. చోవన్‌కి సియోల్లోనే ఏదో దొరికింది. నాకు పని చూపించే ఆయన జూ గీహ్వాన్. ముప్ఫై మూడేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. మా కాలేజీలోనే చదివాడని తెలిసి సంతోషపడి, సార్ అని పిలవబోతుంటే అన్నా అనమన్నాడు. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని చాటుగా 'మూడుసార్ల సార్' అనేవాళ్ళు. ఏ తూకమైనా మూడుసార్లు వేయించేవాడు. మూడూ కలవకపోతే నాలుగోసారి. నేనొకసారి రెండో తూకం చూసి మూడోది అదే అయి ఉంటుందని రాసేశాను. ఆయన అది గమనించి, అరవకుండా, నా చేతిలో పెన్ను తీసి పక్కన పెట్టి, "కళ్ళతో చూడని అంకె రాయకు. దానికన్నా ఖాళీ వదిలెయ్. ఖాళీ ఎవరినీ చంపదు" అన్నాడు. ఇంత చిన్నదానికి అంత మాటేమిటని నొచ్చుకున్నాను.

మంచివాడే. మధ్యాహ్నం ఒక్కడే కిటికీ దగ్గర కూర్చుని అన్నం డబ్బా తినేవాడు. నేను కిమ్చీ తీసుకెళ్ళి పెడితే మొహమాటంగా తీసుకునేవాడు. కానీ గాల్మోరి మాటెత్తితే గిన్నెలు కడగడానికి లేచిపోయేవాడు.

మూడో వారంలో నా సంచులు మొదలుపెట్టాం. ముందు జల్లెడ మీద కడిగి పురుగుల్నీ గుల్లల్నీ ఏరాలి, తర్వాత మట్టిని ఎండబెట్టి, నూరి, యాసిడ్‌లో కరిగించి రాగి ఎంతుందో చూడాలి. పది సంచులూ అనుకున్నట్టే ఉన్నాయి. నల్లటి మెత్తటి బురద, సన్నటి పురుగులు, ఒకటీ అరా పీతపిల్లలు. పదకొండోది పారేద్దామనుకుంటూనే ఎర్రదారం కత్తిరించాను.

నల్లబురద కాదది. నీళ్ళు పోసేసరికి జల్లెడ మీద ముతక ఇసక, గవ్వ ముక్కలు తేలాయి. వాటి మధ్య మినప్పప్పు బద్దలంత తెల్ల గుల్లలు, ముప్ఫై దాకా. అలాంటివి నేను గాల్మోరిలో చూడలేదు. ఏడేళ్ళ కిందట అక్కడ కొత్త కట్ట కట్టాక నీటి ఒరవడి మారిపోయి, ఇసక మేటంతా బురద కింద పడిపోయిందనీ, తెల్లగుల్లలు పూర్తిగా పోయాయనీ పాఠంలో చదివాను. పాత గుల్లలు అడుగునించి వచ్చాయేమోనని ఒకటి గోటితో విప్పాను. లోపల మాంసం తడిగా, తాజాగా ఉంది. మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉన్న సంచి అది. మిగతా పదింట్లోనూ పురుగులు ఎప్పుడో మెత్తబడిపోయాయి. ఇవి ఆ పొద్దునే తీసినట్టున్నాయి.

వెనకాల ఏదో గాజుది పగిలిన చప్పుడైంది. గీహ్వాన్ అన్న నా భుజం మీదుగా జల్లెడలోకి చూస్తున్నాడు.

"ఇదెక్కడిది?" అన్నాడు.

గాల్మోరిదేనన్నాను. ఎన్నో గుర్తు దగ్గరిదని అడిగాడు. చీటీ లేదన్నాను. ఆయన బల్ల మీద ఎర్రదారం చూశాడు. రెండు ముళ్ళూ విప్పకుండా నేను కత్తిరించి పెట్టాను. దాన్ని వేలితో ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోటు విప్పి మేకుకి తగిలించి బయటికి వెళ్ళిపోయాడు, ఆ రోజూ మర్నాడూ మళ్ళీ రాలేదు.

నేను మాత్రం పని ఆపలేదు. ఆ మట్టిని ఎండబెట్టి పరీక్ష చేశాను. మూడుసార్లు చేశాను. రాగి మిగతా వాటిలో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా లేదు. రికార్డు కోసం తెచ్చుకున్న పాత రిపోర్టుల నకళ్ళు తీసి, ఇలాంటి మట్టి ఎప్పుడు ఎక్కడ ఉండేదా అని వెతికాను. కట్ట కట్టకముందు, పదో గుర్తు దగ్గర. ప్రతి ఏడూ తెల్లగుల్లలు ఒకసారి పాతిక, ఒకసారి నలభై. ఒక్క ఏడు తప్ప. పన్నెండేళ్ళ కిందటి రిపోర్టులో పదో గుర్తు దగ్గర ఒక్క గుల్లా లేదు. తొమ్మిదో గుర్తులో ఎన్ని పురుగులో పదిలోనూ అన్నే. ఎన్ని పీతలో అన్నే. రాగి అంకెలో చివరిది మాత్రం ఒకటి మార్చి ఉంది. ఇసక మేట మీద బురద లెక్కలు. కింద ఇద్దరి పేర్లు: తాక్ మ్యంగ్జు, జూ గీహ్వాన్.

ఆ కాగితాన్ని విడిగా తీసి పెట్టుకున్నాను. పక్కన ఓవెన్ నడుస్తూనే ఉంది.

మూడో రోజు ఆయన మామూలు వేళకే వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. నేను ఆ కాగితం బల్ల మీద పెట్టాను. అడగాల్సిన పని లేకపోయింది. స్టూలు లాక్కుని కూర్చుని, కాగితం వైపు చూడకుండా చెప్పాడు.

ఆ ఏడు ఏప్రిల్లో చలి ఎక్కువగా ఉందట. తొమ్మిదో గుర్తు దాకా ఇద్దరూ కలిసి చేశారు. అప్పటికి కొత్త కట్ట లేదు, ఆటులో కూడా పాయలో నీళ్ళు నడుం దాకా ఉండేవి. మ్యంగ్జుకి జ్వరంగా ఉంటే ఆమెని గట్టుకి పొమ్మని, పదోది నేను చేసుకొస్తానని ఈయన అన్నాడు. ఆమె కనుమరుగయ్యాక పాయ దాటలేదు. తొమ్మిదో గుర్తు దగ్గరే ఇంకో సంచి నింపి, కాసేపు నిలబడి వచ్చేశాడు. సాయంత్రం ఆమె సంచులు సర్దుతూ పదో సంచి నొక్కి చూసి, ఇందులో ఇసక ఏదని అడిగింది.

"ఏం చెప్పావన్నా?"

"ఎవరికి తెలుస్తుంది, వదిలెయ్ అన్నాను. తను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. 'రేపు పొద్దున ఆటు ఐదున్నరకి. నేను తెస్తాలే, నువ్వు పడుకో' అంది."

పొద్దున ఆమె వెళ్ళింది. మంచు కమ్మింది. తొమ్మిది రోజుల తర్వాత రెండు ఊళ్ళ అవతల వలలో దొరికింది, కాళ్ళకి బురద బూట్లు కూడా లేవు. ఆమె చెప్పులు మాత్రం గట్టు రాళ్ళ మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి. చెప్పులు అలా జోడుగా విడిచి నీళ్ళలోకి వెళ్ళిందంటే బతకడం ఇష్టం లేకే వెళ్ళిందని ఊరంతా అనేసుకుంది. పోలీసులు అడిగితే, ఎందుకు వెళ్ళిందో తనకి తెలీదన్నాడు ఈయన. స్టోర్లో ఒక గొట్టం, చట్రం లేవేమని మేడమ్ అడిగితే, ముందురోజు తనే పాయలో జారవిడిచానన్నాడు. ఆ ఒక్క మాటతో మ్యంగ్జు పనికోసం వెళ్ళిందనడానికి ఉన్న ఒక్క గుర్తూ చెరిగిపోయింది. ఆ పదో సంచిని పరీక్ష కూడా చెయ్యకుండా, వేసవిలో తొమ్మిదో వరసే దించి రాసేశాడు.

"మొదటి రోజు భయపడి చెప్పలేదు. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. అలా పన్నెండేళ్ళు" అన్నాడు. "సంచుల మూతికి ఎర్రదారం కట్టేది తను. రబ్బరు బ్యాండు ఉప్పునీటికి తెగిపోతుందని వాళ్ళమ్మ దుకాణంలోంచి ఉండ తెచ్చుకునేది."

ఇరవై ఒక్కేళ్ళ పిల్లని నేను. ఓదార్చాలో తిట్టాలో తెలియలేదు. నోట్లోంచి వచ్చింది ఒకటే. "వాళ్ళమ్మకి ఎవరు చెబుతారు?"

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి కాలేజీకి వెళ్ళి బాంగ్ మేడమ్‌కి చెప్పాడు. ఆ రోజు మేడమ్ గదిలో ఏం జరిగిందో తర్వాత మేడమే నాకు చెప్పింది. ఆ రెండు వరసలూ ఒకేలా ఉన్నాయని తనకి అప్పుడే అనిపించిందట. ఈ కాలేజీలో కొత్తగా చేరిన రోజులు, రిపోర్టు గడువు దాటుతోంది, సంతకం పెట్టేసింది. మ్యంగ్జు పేరున్న ఆ ఫైలు మళ్ళీ తెరవడానికి చెయ్యి రాలేదట. "వాడొక్కడిదే కాదు రాన్హీ, ఆ అంకె కింద నా పేరు కూడా ఉంది" అంది.

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, ఇద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు వెళ్ళడానికి భయపడ్డారు. మ్యంగ్జు వాళ్ళమ్మకి పక్క పట్నం మార్కెట్లో చిన్న కొట్టుంది. కిమ్చీ, ఊరేసిన రొయ్యలు, సోయాలో ఉడికించిన బీన్సు అమ్ముతుంది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, చేతులకి రబ్బరు తొడుగులు. మేడమ్‌ని గుర్తుపట్టి తలవంచి దణ్ణం పెట్టింది. కూర్చోవడానికి పీటలు వేసి బార్లీ నీళ్ళు పోసింది. గీహ్వాన్ అన్న కూర్చోలేదు. తడి నేల మీదే మోకాళ్ళ మీదికి దిగి, తల ఎత్తకుండా మొత్తం చెప్పాడు. పక్క కొట్టువాళ్ళు తొంగిచూశారు. ఒక ముసలాయన పావుకేజీ బీన్సు అడిగితే, ఆవిడ లేచి కట్టిచ్చి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈయన ఆపిన చోటునించి చెప్పాడు.

అంతా విన్నాక ఆవిడ తొడుగులు తీసింది. వేళ్ళు కారానికి ఎర్రగా, ముడతలు పడి ఉన్నాయి.

"చెప్పులు జోడుగా పెట్టడం నేర్పింది నేనే" అంది. "గుమ్మం ముందు చెప్పులు చిందరవందరగా ఉంటే చిన్నప్పుడు దాని వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఆ చెప్పులు చూపించి నీ కూతురు చావడానికే వెళ్ళిందన్నారు. పన్నెండేళ్ళు వెతుక్కున్నాను నాయనా, నేనేమన్నానా అని. ఆ వారం ఫోన్లో ఏం మాట్లాడాను, ఏ మాటకి నొచ్చుకుంది అని. ఒక్కటీ దొరక్క, చిన్నప్పుడు కొట్టిన దెబ్బలదాకా వెళ్ళాను."

ఆవిడ గీహ్వాన్ అన్న వైపు తిరిగింది.

"ఆ పొద్దున నువ్వు నిద్రపోతున్నావా?" అని అడిగింది.

గీహ్వాన్ అన్న తల ఇంకా కిందికి దిగింది. నాకు చెప్పినప్పుడు, మేడమ్‌కి చెప్పినప్పుడు కూడా ఆయన ఈ మాట చెప్పలేదు.

"లేదమ్మా. మెలకువగానే ఉన్నాను. వాకిట్లో గొట్టం బక్కెట్టుకి తగిలిన చప్పుడు వినపడింది. నా తలుపు దగ్గర ఆగింది. పిలుస్తుందేమో అనుకున్నాను. నిద్రపోతున్నట్టు పడుకున్నాను."

ఆవిడ కొట్టదని నాకెందుకో అనిపించింది. కొడితే బాగుండునని ఆయన ఎదురుచూస్తున్నాడనీ అనిపించింది. ఆవిడ బార్లీ నీళ్ళ గ్లాసు ఆయన ముందునించి తీసి పక్కన పెట్టి, "ఇవాళ్టికి పొండి" అంది. అంతే. మేము సందు మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ఆవిడ తొడుగులు మళ్ళీ వేసుకోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

తర్వాత జరిగినవి త్వరత్వరగా జరిగాయి. మేడమ్ కాలేజీకి రాతపూర్వకంగా చెప్పుకుంది. ఆ ఏటి పదో వరస కొట్టేసి, దాని పక్కన 'చూడలేదు' అని రాసి, మ్యంగ్జు ఎందుకు వెళ్ళిందో కూడా కింద రాయించింది. మేడమ్‌ని ఏడాది పాఠాలు చెప్పకుండా పక్కన పెట్టారు, ఆవిడ ఎదురుచెప్పలేదు. గీహ్వాన్ అన్న పోలీసు స్టేషన్‌కి వెళ్ళి కొత్తగా వాంగ్మూలం ఇచ్చి, ల్యాబ్ ఉద్యోగం వదిలేశాడు. నా పదకొండో సంచి మట్టి పరీక్షలకే అయిపోయింది. గుల్లల్ని చిన్న సీసాలో వేసి మేడమ్‌కి ఇచ్చాను. రికార్డులో దాన్ని ఎక్కడ రాయాలని అడిగితే, "ఏం చూశావో అది రాయి. ఎక్కడిదో తెలీదని రాయి" అంది. అలాగే రాశాను. పరీక్షకొచ్చిన బయటి ప్రొఫెసర్ ఆ పేజీ రెండుసార్లు చదివి, నన్నేమీ అడక్కుండా తిప్పేశాడు.

అక్టోబర్లో మ్యంగ్జు వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. నీళ్ళలో పోయిన ప్రాణాన్ని పైకి పిలిచే తంతు చేయిస్తోందట. తనంతట తను పోయిందన్న మాట మీద పన్నెండేళ్ళూ చేయించలేదు. పిలిస్తే ఏమంటుందోనని భయపడిందట. "ఇప్పుడు భయం లేదు. నువ్వు రా. ఆ అబ్బాయిని కూడా తీసుకురా" అంది.

గాల్మోరి గట్టు మీద మధ్యాహ్నం, పోటు నిండుగా ఉన్న వేళ. మంచు లేదు. ఎండ కళ్ళలో పొడుస్తోంది. పూజారమ్మ, డప్పు వాయించే ఇద్దరు, ఓక్బున్ అవ్వ, ఊరి ఆడవాళ్ళు కొంతమంది. చెప్పుల గురించి పుకారు పుట్టించినవాళ్ళూ వాళ్ళలో ఉండే ఉంటారు. తలా ఒక వంటకం తెచ్చి చాప మీద పెట్టారు. ఇత్తడి గిన్నెలో అన్నం నింపి, మూతపెట్టి, తెల్లగుడ్డలో మూటగట్టి, పొడుగాటి తెల్లబట్ట కొసకి కట్టారు. దాన్ని నీళ్ళలోకి దింపి పేరు పెట్టి పిలుస్తారు. పైకి తీసి విప్పితే, ప్రాణం వచ్చుంటే అన్నంలో ఏదో ఒక ఆనవాలు ఉంటుందంటారు. తల వెంట్రుకో, ఏదో ఒకటి.

పూజారమ్మ బట్ట రెండో కొస ఎవరు పట్టుకుంటారంది. మ్యంగ్జు వాళ్ళమ్మ గీహ్వాన్ అన్న వైపు చూసింది.

"నువ్వు పట్టుకో."

ఆయన బట్ట కొసని రెండుసార్లు చేతికి చుట్టుకుని, మూటని మెల్లగా నీళ్ళలోకి దింపాడు. డప్పు మొదలైంది. పూజారమ్మ పిలిచింది. అమ్మ పిలిచింది. అన్నం చల్లారిపోతోంది రమ్మని పిలిచినట్టు, మామూలు గొంతుతో, "మ్యంగ్జూ, రావే" అంది. మూడోసారి పిలిచినప్పుడు బట్ట బిగిసింది. అడుగున రాయికి పట్టుకుందేమో, నేను పక్కనే ఉన్నాను, బిగియడం మాత్రం చూశాను. గీహ్వాన్ అన్న రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాడు. కాసేపటికి వదులైంది. మూట పైకి వచ్చింది.

విప్పింది వాళ్ళమ్మే. మూత తీసి గిన్నెలోకి వంగి చూసింది. అందరూ ముందుకి వంగారు. ఓక్బున్ అవ్వ కూడా మెడ చాచింది. వాళ్ళమ్మ వేలితో అన్నంలో దేన్నో తాకింది, లేదా అన్నాన్నే సర్దిందో, నాకు తెలీదు. మూత పెట్టేసి, గుడ్డ మళ్ళీ కట్టి పొట్టకి ఆనించుకుంది. పూజారమ్మ ఏముందని అడిగితే, "సరిపోయింది" అంది. ఇంకెవరికీ చూపించలేదు. అప్పుడు ఏడ్చింది, కూర్చుని, బిగ్గరగా, ఊళ్ళో ఆడవాళ్ళు వీపు నిమురుతుండగా.

ఓక్బున్ అవ్వకి ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ కనిపించిందో లేదో నేనడగలేదు. ఇప్పుడు నేను అదే కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను, ప్రతి ఏప్రిల్లో పిల్లల్ని తీసుకెళ్తాను. అవ్వ పోయి నాలుగేళ్ళైంది.

తంతు ముగిసిన ఆ సాయంత్రం బస్సులో మేము ముగ్గురమే. మ్యంగ్జు వాళ్ళమ్మ ముందు సీటులో కిటికీ పక్కన, ఒళ్ళో గిన్నె. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా గీహ్వాన్ అన్న కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని ఆవిడ వెనక గంటన్నరా నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆవిడా అనలేదు. మార్కెట్ దగ్గర బస్సు ఆగింది. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. దిగడానికి రెండు చేతులూ కావాలి. తలుపు దగ్గర నిలబడి ఒకసారి నా వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, గిన్నె ఆయనకి అందించింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆవిడ మెల్లగా, ఒక్కో మెట్టూ దిగి, కింద నిలదొక్కుకుని, చీకటిపడని ఆ వెలుతుర్లో చెయ్యి చాచింది. ఆయన వంగి ఇచ్చాడు.

"జాగ్రత్తగా పో" అంది, ఎవరితోనో తెలీలేదు. వెనక్కి తిరిగి మార్కెట్ సందులోకి నడిచింది.